పరదేశంలో వ్యాధిగ్రస్తుడైన బాటసారి – ఇబ్న్ బతూతా

దేశాటనం విజ్ఞానదాయకమని మన పెద్దలు చెబుతారు. అది సత్యమే. కాని అయినవారెవరూ దగ్గర లేని చోట జ్వరపడిన బాటసారి నేర్చుకొనే పాఠం వేరు. ఆ పాఠాన్ని పలుమార్లు నేర్చుకొని, దాచుకొనక లోకానికి చెప్పిన యాత్రికుడు ఇబ్న్ బతూతా.

ఇతడు 1304లో మొరాకో దేశపు టాంజియరు నగరంలో జన్మించాడు. 1325 జూన్ నెలలో, 21 ఏండ్ల వయస్సులో, తల్లిదండ్రులను విడిచి ఒంటరిగా హజ్ యాత్రకు బయలుదేరాడు. సుమారు 30 సంవత్సరాల సంచారం తరువాత, సుల్తాను ఆజ్ఞపై ఇతడు చెప్పిన అనుభవాలను ఇబ్న్ జుజయ్ అనే పండితుడు 1355లో గ్రంథస్థం చేశాడు. అదే 'రిహ్లా'. చరిత్ర విద్యార్థులు ఢిల్లీ దర్బారు విశేషాల కోసం ఆ గ్రంథాన్ని చూస్తారు. అందులోని జ్వరాల కథలు కూడ చదవదగినవే.

బయలుదేరిన కొద్ది వారాలకే, నేటి అల్జీరియాలోని బిజాయా పట్టణంలో అతనికి జ్వరం తగిలింది. నయమయ్యే వరకు ఆగవలసిందని తోటి ప్రయాణికుడైన ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. యువకుడు వినలేదు. చావు రాసిపెట్టి ఉంటే మక్కా దారిలోనే రానిమ్మన్నాడు. అప్పుడా పెద్దమనిషి కోపగించక, నీ జంతువును, బరువైన సామానును అమ్మివేయుము, నేను వాహనాన్ని, గుడారాన్ని ఎరువిస్తానని చెప్పాడు. ఈ సలహాను మాత్రం అతడు పాటించాడు. తరువాత దారిలో దోపిడీగాండ్ర భయం వలన ఎక్కడా దిగి విశ్రమించే వీలు లేకపోయింది. నీరసంతో పడిపోకుండ తలపాగా విప్పి, తనను తాను జీనుకు కట్టుకొని ప్రయాణం సాగించాడు.

ఆ స్థితిలో ట్యూనిస్ నగరం చేరాడు. నగరవాసులు ఎదురువచ్చి తమ వారిని పలకరించుకొంటున్నారు. ఇతనికి సలాం చెప్పిన వారొక్కరూ లేరు. జ్వరానికి వెరవని యువకుడు అప్పుడు ఏడ్చాడు. అది గమనించిన ఒక యాత్రికుడు దగ్గరకు వచ్చి పలకరించి, నగరంలో ప్రవేశించే వరకు మాటలతో ఓదార్చాడు. ఆ రాత్రి అతనికి ఆశ్రయమిచ్చినది ఒక విద్యాలయం, పుస్తక విక్రేతల పేరు గల మద్రసా. కొద్ది కాలానికి అదే నగరం నుండి బయలుదేరిన యాత్రిక బృందానికి అతడే ఖాజీగా నియమితుడైనాడు.

దాదాపు 20 సంవత్సరాల తరువాత మన దక్షిణ దేశపు మధురలో మరొక గండం వచ్చింది. అప్పుడక్కడ సుల్తానుల పాలన. నగరంలో మహమ్మారి చెలరేగి, పట్టిన రెండు మూడు దినాలలోనే జనం మరణిస్తున్నారు. అతనికీ ప్రాణాంతకమైన జ్వరం వచ్చింది. అక్కడ సమృద్ధిగా దొరికే చింతపండును నీటిలో కలిపి త్రాగగా మూడు దినాలు విరేచనాలై జ్వరం తగ్గిందని చెప్పాడు. అయినా పూర్తిగా కోలుకోక, కొల్లం చేరి అక్కడ మూడు నెలలు ఉండిపోయాడు.

మూడవ సంఘటన పశ్చిమాఫ్రికాలోని మాలి రాజ్యంలో 1352లో జరిగింది. రాజధాని చేరిన పది దినాలకు, చేమదుంప వంటి ఒక దుంపతో చేసిన జావను ఆరుగురు కలిసి తిన్నారు. ఆరుగురూ జబ్బుపడ్డారు, ఒకడు మరణించాడు. ఇబ్న్ బతూతా తెల్లవారు నమాజులో స్పృహ తప్పాడు. ఒక ఈజిప్టు దేశీయుడు ఒక మొక్క వేరును సోపు, చక్కెరలతో నీటిలో కలిపి ఇవ్వగా తిన్నదంతా వాంతి అయింది. ప్రాణం దక్కినా రెండు నెలలు మంచాన ఉన్నాడు.

ఈ మూడు కథలలోను ధైర్యం ఒక్కటే అతనిని కాపాడలేదు. బిజాయాలో ఎరువిచ్చిన వాహనం, మాలిలో పరదేశి చేతి మందు, ట్యూనిస్‌లో ఒక పలకరింపు అతనిని నిలబెట్టాయి.

అయితే అతని చికిత్సలను మనం అనుకరించరాదు. విరేచనాలతో జ్వరం పోతుందని ఆనాడు నమ్మేవారు. దేహంలోని నీరు, లవణాలు పోవడమే అసలు ప్రమాదమని నేడు మనకు తెలుసు. పరిశుభ్రమైన నీరు, వైద్యం కొరవడిన వర్ధమాన దేశాలలో తిరిగే బాటసారికి తరచుగా వచ్చే జబ్బు అతిసారం. చిన్న ప్రేగులో చక్కెర ఉప్పును వెంటబెట్టుకొని రక్తంలో ప్రవేశిస్తుంది. ఉప్పు వెంట నీరు పోతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు, బొన్గాఁవ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ సూత్రంతోనే వేలమందికి నోటి ద్వారా ద్రావణం ఇప్పించి, మరణాలను ఎంతగానో తగ్గించాడు. పొట్లం దొరకని చోట, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండింటిని తలకొట్టి కొలిచి, కలిపి కొద్దికొద్దిగా త్రాగాలి. ఉప్పు ఎక్కువ కారాదు. మలంలో రక్తం పడినా, మూత్రం ఆగినా, తీవ్ర జ్వరం వచ్చినా వైద్యుని చూడవలసిందే. మలేరియా గల ప్రాంతం నుండి వచ్చిన వారికి కొన్ని వారాల తరువాత జ్వరం వచ్చినా రక్తపరీక్ష అవసరం.

బాటసారి నేర్వవలసినది ఇంత. మరి ఊరివారు నేర్వవలసినదేమి? మన కళాశాలకు దూరప్రాంతాల నుండి వచ్చి, అద్దె గదులలో ఒంటరిగా ఉండి చదువుకొనే విద్యార్థులున్నారు. రెండు దినాలు తరగతికి రాని వాని బెంచి వైపు చూచి, వాడెందుకు రాలేదని అడిగేవారెందరు? ట్యూనిస్ ద్వారం వద్ద గుమిగూడిన వారందరూ మంచివారే. కాని ఆ యువకుని కన్నీరు చూచినవాడు ఒక్కడే. ప్రియవిద్యార్థులారా, ఆ ఒక్కడు మీరు కావాలి.