నెయ్యి నీళ్లలో కలవదు కదా, మరి కణంలో ఎలా తిరుగుతుంది?



గత నెల తొమ్మిదో తరగతిలో కణత్వచం పాఠం చెబుతున్నాను. కణంలో 70 శాతం దాకా నీరే ఉంటుందని చెప్పగానే ఒక అమ్మాయి లేచింది. “మేడమ్, నెయ్యి నీళ్లలో కలవదు కదా! మరి మనం తిన్న నెయ్యి కణం లోపల ఎలా తిరుగుతుంది?” అని అడిగింది. బెల్లు కొట్టడానికి ఇంకో ఐదు నిమిషాలే ఉంది. “అది సిలబస్‌లో లేదమ్మా, కూర్చో” అన్నాను. కూర్చుంది. ఆ పీరియడ్‌లో మళ్లీ చెయ్యి ఎత్తలేదు.

ఇంటికి వెళ్లాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. మర్నాడు ఆ ప్రశ్నతోనే క్లాసు మొదలుపెట్టాను. పిల్లలకు చెప్పిందే మీకూ చెబుతాను.

అసలు సమస్య ఏమిటి?

నెయ్యి, నూనె చిన్నపేగులో జీర్ణమైనప్పుడు కొవ్వు ఆమ్లాలు విడివడతాయి. వాటికి పొడవైన తోక ఉంటుంది. ఆ తోకకు నీళ్లంటే పడదు. పేగు కణంలోకి వచ్చిన కొవ్వు ఆమ్లాలు లోపలి పొరల దగ్గరికి చేరాలి. వాటిని మళ్లీ కొవ్వుగా కూర్చేది అక్కడే. కానీ దారంతా నీరే. పైగా అవి విడిగా ఎక్కువైతే సబ్బులా పనిచేసి కణంలోని పొరలనే దెబ్బతీయగలవు.

అందుకే వాటిని మోయడానికి కణంలో ప్రత్యేకమైన ప్రొటీన్లు ఉన్నాయి. శాస్త్రవేత్తలు వీటిని 1972లో గుర్తించారు. పిల్లలు ఇంటర్‌లో చదివే కణత్వచపు ఫ్లూయిడ్ మొజాయిక్ నమూనాను సింగర్, నికల్సన్ ప్రకటించిందీ ఆ ఏడాదే. ఈ ప్రొటీన్లు చాలా చిన్నవి, ఒక్కోదానిలో సుమారు 130 అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఆకారం మూత ఉన్న లంచ్ బాక్స్ లాంటిది. కొవ్వు ఆమ్లం లోపల కూర్చుంటుంది, దాని తోకకు నీరు పెద్దగా తగలదు.

రెండు రకాల స్కూలు బస్సులు

మోసుకెళ్లడం సరే, పొర దగ్గర అప్పగించడం ఎలా? మన బస్సులనే తీసుకోండి. ఒక బస్సు పిల్లల్ని మెయిన్ రోడ్డు మీద దించేస్తుంది. అక్కడి నుంచి వాళ్లే నడిచి ఇంటికి వెళ్తారు. ఇంకో బస్సు గుమ్మం ముందుకే వచ్చి దించుతుంది.

కాలేయంలో ఎక్కువగా ఉండే ప్రొటీన్ మొదటి రకం. అది కొవ్వు ఆమ్లాన్ని నీటిలోనే వదిలేస్తుంది, మిగిలిన కాస్త దూరం అది తనంతట తాను పొరకు చేరుకుంటుంది. పేగు రకం, గుండె కండరంలోని రకం మాత్రం పొరను తాకి నేరుగా అప్పగిస్తాయి. విశేషమేమిటంటే, పేగు కణంలో ఈ రెండు రకాల బస్సులూ ఉన్నాయి!

ఇది ఎలా తెలిసింది? ప్రయోగశాలలో పొరల పరిమాణాన్ని పెంచి చూశారు. గుమ్మం దాకా వెళ్లే రకం అప్పగించే వేగం పెరిగింది. కాలేయ రకం వేగం మారలేదు. పొరలో రుణావేశం ఉన్న ఫాస్ఫోలిపిడ్‌లు పెంచినప్పుడూ అంతే. పేగు ప్రొటీన్ మూత భాగంలో లైసిన్ అనే అమైనో ఆమ్లాలు ఉన్నాయి. వాటిది ధనావేశం. ధనావేశం, రుణావేశం ఆకర్షించుకుంటాయని మన పిల్లలకు తెలిసిందే.

1998లో వచ్చిన ఒక పరిశోధనలో పేగు ప్రొటీన్‌కు ఆ మూత తీసేసి చూశారు. కొవ్వు ఆమ్లాన్ని అది అప్పుడూ పట్టుకుంది. కానీ గుమ్మం దాకా వెళ్లడం మానేసి, మెయిన్ రోడ్డు మీద దించే బస్సైపోయింది. అంటే మూత పని మూయడం ఒక్కటే కాదు, పొరను తాకేదీ అదే.

ఇది ఆసుపత్రిలోనూ ఉపయోగపడుతోంది. గుండె కండరం దెబ్బతింటే అక్కడి ప్రొటీన్, చిన్నది కాబట్టి, త్వరగా రక్తంలోకి వచ్చేస్తుంది. రక్తపరీక్షలో దాన్ని కొలవవచ్చు.

ఇంట్లో చేసి చూడండి

గ్లాసు నీళ్లలో చెంచా నూనె వేసి పిల్లలతో కలపమనండి. కాసేపటికి నూనె మళ్లీ పైకి తేలుతుంది. ఇప్పుడు రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి మళ్లీ కలపమనండి. ఏం మారింది, ఎందుకు మారింది అని అడగండి. జవాబు మీరు చెప్పకండి, వాళ్లనే ఆలోచించనివ్వండి.

చివరిగా ఒక మాట. పేరెంట్స్ మీటింగ్‌లో “ఇది పరీక్షకు వస్తుందా మేడమ్?” అని చాలామంది అడుగుతారు. మీ ఆదుర్దా నాకు అర్థమవుతుంది. ఈ పాఠం పరీక్షకు రాదు. కానీ నీళ్లలో నూనె కలవదన్న చిన్న సంగతిని పట్టుకుని కణం దాకా వెళ్లిన పిల్ల, కణత్వచం పాఠాన్ని బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు. మీ పిల్లలు ఇంట్లో ఇలాంటి ప్రశ్న అడిగితే, దయచేసి నేను మొదటి రోజు అన్న మాట అనకండి. జవాబు తెలియకపోతే డైరీలో రాసి పంపండి. మేము చూసుకుంటాం.

— జీవశాస్త్ర ఉపాధ్యాయిని, 9వ తరగతి