జ్వరం రాలేదు గదా అనుకున్నాం

ప్రశ్న: మా పాప ఎనిమిదో నెలలో పుట్టింది. పదో రోజున పాలు తాగడం తగ్గించి, ఊరికే నిద్రపోతా ఉండింది. ఒళ్లు చల్లగా ఉంది, జ్వరం లేదు గదా అని ఊరుకున్నాం. మా జేజి దిష్టి తీసింది. మరునాటికి కళ్లే తెరవలేదు. కడపకు తీసుకుపోతే రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు. చాన్నాళ్లు సూదులు వేసినాక ఇప్పుడు బాగుంది. జ్వరమే లేని బిడ్డకు ఇన్ఫెక్షన్ ఎట్లా వస్తుంది?
- ఒక తల్లి, జమ్మలమడుగు

జవాబు: పాప కోలుకుంది, సంతోషం అమ్మా. మనకు ఒళ్లు కాలిందంటే లోపల క్రిములతో పోరు మొదలైందని అర్థం. పసిగుడ్డుకు ఆ పోరాడే బలగం ఇంకా కుదురుకోలేదు. సూక్ష్మజీవుల్ని మింగేసే తెల్లకణాలు పెద్దవాళ్ల ఎముకల మూలుగలో గాదె నిండా నిల్వ ఉంటాయి. పుట్టిన బిడ్డ గాదెలో ఉండేవి కొన్నే. ఉన్నవి కూడా పుండు దగ్గరికి నింపాదిగా చేరుకుంటాయి. ఒంటి వేడిని నిలుపుకోవడం కూడా బిడ్డకు ఇంకా చేతకాదు. అందుకే ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కొందరు బిడ్డలకు ఒళ్లు కాలుతుంది, కొందరికి చల్లబడిపోతుంది. నన్నడిగితే ఆ చల్లదనమే ఎక్కువ భయపెట్టాలి.

మరి ఇన్నాళ్లూ బిడ్డను కాచేదెవరు? తల్లే. ఆమె రక్తంలోని యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకు చేరతాయి. అది చేబదులు లాంటిది, కొన్ని నెలల్లో కరిగిపోతుంది. ఆ చేబదులులో ఎక్కువ భాగం అందేది కాన్పుకు ముందరి చివరి నెలల్లోనే. ముందుగా పుట్టిన మీ పాపకు అది పూర్తిగా అందలేదు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని మన పల్లెల్లో ఒక మాట ఉంది. అందులో నిజం లేదు. కడుపులో గడిపే ఒక్కో వారం బిడ్డకు లాభమే.

ఈసారి ఎవరింట్లో చంటిబిడ్డ ఉన్నా ఈ ప్రమాద సూచనలు చెప్పండి: పాలు పట్టకపోవడం, ఏడుపు నీరసించడం, నిమిషానికి 60 సార్లు, అంతకు మించి ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం, ఫిట్స్, అరిచేతులూ అరికాళ్లూ పచ్చబడటం, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము పట్టడం. చేతి వెనక భాగంతో బిడ్డ పొట్టనూ పాదాల్నీ తాకి చూడండి. రెండూ చల్లగా ఉంటే, లేదా ఒళ్లు కాలుతుంటే, పైవాటిలో ఏ ఒక్కటి కనిపించినా, తెల్లారేదాకా ఆగొద్దు. ఆర్‌ఎంపీ ఇచ్చే సిరప్‌తో ఒక రోజు పోగొట్టుకోవద్దు. 108కి ఫోన్ చేసి, బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, పైన గుడ్డ కప్పి తీసుకుపోండి. కర్నూలు, కడప ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఇలాంటి పసికందుల కోసమే ఎస్‌ఎన్‌సీయూ వార్డులున్నాయి. వైద్యానికి డబ్బు కట్టనక్కర్లేదు. దిష్టి తీయాలని జేజి పట్టుబడితే, వాకిట్లో వాహనం ఎక్కుతుండగా తీయమనండి.

ప్రశ్న: అయిదుగురు బిడ్డలకు బొడ్డుకు ఆముదం, బూడిద పూసే పెంచినాను. ఇప్పుడు మనవడికి పూయబోతే నర్సమ్మ వద్దంటుంది. ఇంత ఎండలో చెంచాడు నీళ్లు కూడా పోయనీయదు. ఇదేం చోద్యం?
- ఒక అవ్వ, కోడుమూరు

జవాబు: అవ్వా, మీ అయిదుగురూ దక్కారు. అదే పనికి బిడ్డలు దక్కని ఇళ్లూ ఆనాడు ఉండేవి, అవి మీకూ గుర్తుండే ఉంటాయి. కోసిన బొడ్డు అంటే రక్తనాళాలకు తెరిచిన వాకిలి. బూడిదలో, పేడలో, మట్టిలో ధనుర్వాతం క్రిమి ఏళ్ల తరబడి దాగి ఉండగలదు. గర్భిణులకు టీకాలు వేసి, కాన్పులు ఆసుపత్రుల్లో చేసి, ఆ జబ్బును పసిబిడ్డల్లో అదుపు చేశాం. 2003లో దేశంలో మొదట ఆ జబ్బును అదుపు చేసినట్టు గుర్తింపు పొందింది మన ఆంధ్రప్రదేశే. 2015లో దేశమంతటికీ వచ్చింది. బొడ్డుకు ఏమీ పూయకండి, గాలికి ఆరనివ్వండి, దానంతటదే ఎండి ఊడిపోతుంది.

తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. కర్నూలు ఎండకు కూడా అవి చాలు. దాహం తల్లికి, ఆమెకు చెంబు నిండా నీళ్లివ్వండి. బిందెలోని చెంచాడు నీళ్లతో బిడ్డ పేగుల్లోకి ఏవేం పోతాయో మన కంటికి ఆనవు. తేనె, వసకొమ్ము అరగదీసిన రసం కూడా వద్దు. ముర్రుపాలు మాత్రం పిండి పారబోయనివ్వకండి. పేగులకు పూత పూసినట్టు కాపాడే యాంటీబాడీలు వాటిలోనే దట్టంగా ఉంటాయి.

మీ కాలపు పద్ధతుల్లో ఒకటి బంగారం లాంటిది: బాలింత గదిలోకి అందర్నీ రానీయకపోవడం. దగ్గు, జలుబు ఉన్నవాళ్లను గడప దాటనివ్వకండి. ఎత్తుకునే ప్రతి మనిషీ సబ్బుతో చేతులు కడగాలి. ఆ కాపలాకు మిమ్మల్ని మించినవాళ్లు ఉండరు.

ప్రశ్న: మిరపకాయలు కోయడానికి గుంటూరు పోవాలి. బిడ్డకు నెల. వెంట తీసుకుపోవచ్చా?
- ఒక తండ్రి, కోసిగి

జవాబు: పోకుండా ఉండగలిగితే మేలని రాయడం నాకు తేలిక, మీ అప్పు నేను తీర్చను కదా. పోతే తల్లీబిడ్డలు కలిసే పోవాలి. తల్లి పని మానేసి గుడారంలో ఉండటం కుదరకపోతే, బిడ్డను నీడలో, కోతకు దూరంగా పడుకోబెట్టి, మిరప ఘాటు అంటిన చేతులూ రొమ్మూ కడుక్కునే పాలివ్వాలి. ఆశా కార్యకర్త 42వ రోజు దాకా ఇంటికొచ్చి చూడాలి. మీరు ఉండే ఊరు ఆమెకు ముందే చెప్పి పోండి. ఆరు వారాల టీకాలు ఏ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనైనా వేస్తారు. టీకాల కార్డు మాత్రం బట్టల మూటలో అడుగున పెట్టకండి, చేతికి అందేట్టు పెట్టుకోండి.