ఖరగ్‌పూర్‌లో మకాం, నాలుగు దిక్కులా ప్రయాణం

మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ వీధిలో అడిగినా ఖరగ్‌పూర్‌లో ఎవరో ఒక చుట్టం ఉంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ వర్క్‌షాపు పెట్టిన రోజుల నుంచి మనవాళ్ళు వచ్చి క్వార్టర్లలో స్థిరపడ్డారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుందంటే, దాని వెనక ఉన్నది ఈ ఊరి తెలుగువాళ్ళే. అయినా ఊరి నుంచి వచ్చిన బంధువులు పెళ్ళికో గృహప్రవేశానికో రెండు రోజులుండి, గోల్‌బజార్‌లో చీరలు కొనుక్కుని తిరుగు బండి ఎక్కేస్తారు. చుట్టూ ఉన్నవి చూపిద్దామంటే, "ఇప్పుడెక్కడి ఖర్చు!" అంటారు. ఆ మాట అన్న ప్రతి ఒక్కరి కోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. విహారయాత్రలో డబ్బు పోయేది టికెట్టుకి కాదు. రోజుకో ఊళ్ళో హోటలు గది తీసుకోవడానికి, సామాను మోసుకు తిరగడానికి, దానికోసం కారు మాట్లాడుకోవడానికి పోతుంది. యూరప్‌లో 1972లో ఇంటర్‌రైల్ పాసు వచ్చాక కుర్రకారు సంచి తగిలించుకుని రైళ్ళలో దేశాలు చుట్టారు. డబ్బు తక్కువున్నవాళ్ళు ఒక ఊళ్ళో చవకగా మకాం పెట్టి, పొద్దున్నే బండెక్కి పక్క ఊరు చూసి రాత్రికి తిరిగి రావడం అక్కడ మామూలే. అలాంటి మకాముకి ఖరగ్‌పూర్ కంటే మంచి ఊరు నాకు తెలియదు. తూర్పున హౌరా 115 కిలోమీటర్లు. దక్షిణాన బాలేశ్వర్ మీదుగా మన ఊళ్ళకి వెళ్ళే లైను, పడమట ఝాడ్‌గ్రామ్ మీదుగా టాటానగర్ లైను, ఉత్తరాన మేదినీపూర్, విష్ణుపూర్ మీదుగా ఆద్రా లైను ఉన్నాయి. చుట్టాలిల్లుంటే గది ఖర్చు కూడా లేదు. లేకపోతే స్టేషన్ దగ్గరే ఒక గది తీసుకుని, ఉన్నన్నాళ్ళూ అదే ఉంచుకోండి.

మొదటి పని: రోజుకి ఒక్క లైను మాత్రమే ఎంచుకోండి. కొత్తగా బయల్దేరినవాళ్ళు పొద్దున మేదినీపూర్, మధ్యాహ్నం సముద్రం ఒడ్డున ఉన్న దీఘా అని లెక్కలు వేస్తారు. రెండూ పాడవుతాయి.

రెండో పని టికెట్టు. ముందుగా రిజర్వేషన్ అక్కర్లేదు, కౌంటర్లోనో ఫోన్లోనో జనరల్ టికెట్టు చాలు. 200 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్టు తీసుకుంటే మూడు గంటల్లోగానో, అటు వెళ్ళే మొదటి బండికో ప్రయాణం మొదలుపెట్టాలి. కనుక సాయంత్రం తిరుగు టికెట్టు పొద్దున్నే కొనకండి. ప్యాసింజర్‌కి తీసుకున్న టికెట్టుతో ఎక్స్‌ప్రెస్ ఎక్కకూడదు. సూపర్‌ఫాస్ట్ అయితే అదనపు రుసుము వేరే ఉంటుంది. ఈ తేడా తెలియక నేను మొదటిసారి జరిమానా కట్టాను. ఆ డబ్బుతో ఇద్దరం కడుపునిండా భోజనం చేసేవాళ్ళం.

అరగంట ముందే స్టేషన్ చేరండి. ఇక్కడి పెద్ద ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దాటేదాకా ప్రపంచంలో దీన్ని మించింది లేదు. మీ బండి ఆ చివర ఆగితే పెద్దవాళ్ళని నడిపించుకు వెళ్ళడానికి పావుగంట పడుతుంది.

ఇక ఎక్కడికి? ఒక్క రోజే ఉంటే నేను విష్ణుపూర్ అంటాను. మేదినీపూర్ దాటాక శాల్బనీ, గడబేతా మీదుగా వెళ్ళే ఈ దారిలో సాలవృక్షాల అడవి, ఎర్ర నేల కిటికీలోంచే కనిపిస్తాయి. విష్ణుపూర్‌ని ఏలిన మల్ల రాజులకి గుడి కట్టడానికి మన దగ్గర దొరికే నల్లరాయి లేదు. ఉన్న మట్టినే కాల్చి ఇటుక చేసి, ఆ ఇటుక మీదే కథలన్నీ చెక్కించారు. 1600 నాటి రాసమంచ్‌తో మొదలుపెట్టండి. రాసోత్సవానికి ఊళ్ళోని రాధాకృష్ణుల విగ్రహాలన్నీ తెచ్చి ఒకచోట కొలువుదీర్చడానికి కట్టిన మండపమది. అక్కడ పురావస్తు శాఖ టికెట్టు 25 రూపాయలు. దాన్ని పారేయకండి, అదే శ్యామరాయ్, జోడ్‌బంగ్లా గుళ్ళకీ చెల్లుతుంది. శ్యామరాయ్ గుడి 1643లో, జోడ్‌బంగ్లా 1655లో రఘునాథ సింహుడు కట్టించినవి. రెండు పూరిళ్ళని పక్కపక్కన ఆనించినట్టుండే జోడ్‌బంగ్లా గోడల ముందు తొందరపడకండి. పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని రాముడెక్కడ, రావణుడెక్కడ అని అడగండి. వేటగాళ్ళు, పడవలు, యుద్ధాలు అరచేయంత పలకల్లో కనిపిస్తాయి. నేను ఒక్క గోడ ముందు గంటసేపు నిలబడ్డాను, ఇంకా మిగిలిపోయింది.

ఈ గుళ్ళన్నీ తిప్పడానికి టోటో మాట్లాడుకోవాలి. మన ఈ-రిక్షానే ఇక్కడ టోటో అంటారు. మనిషికి ఇంతని కాక, అన్నీ చూపించి స్టేషన్‌లో దింపడానికి మొత్తం ఎంతో ఎక్కకముందే తేల్చుకోండి. "కొతో?" అంటే ఎంత, "బేషీ" అంటే ఎక్కువ. ఈ రెండు మాటలు వస్తే చాలావరకు పని గడిచిపోతుంది. బాలుచరీ చీరల దుకాణాలకి తీసుకెళ్తామంటే సరే అనండి. నేత చూడటానికి డబ్బు కట్టనక్కర్లేదు.

రెండో రోజు దొరికితే కురుంబేరా కోట. రైలు లేదు, కేశియాడీ వైపు బస్సెక్కి, అక్కడి నుంచి గగనేశ్వర్ ఊరికి టోటోలో వెళ్ళాలి. పెద్దగా ఎవరూ రారు, అందుకే నాకు మరీ ఇష్టం. జేగురు రంగు లాటరైట్ రాతితో కట్టిన ప్రాకారం, లోపల నాలుగు వైపులా స్తంభాల వసారా ఉంటాయి. దీన్ని 15వ శతాబ్దంలో ఒడిశా గజపతి కపిలేంద్రదేవుడి కాలపు కట్టడమంటారు. సింహాచలం గుళ్ళో ఆ కపిలేంద్రుడి శాసనాలూ ఉన్నాయి, రాజమహేంద్రవరాన్ని, కొండవీటిని గెలిచింది ఆయన పాలనలోనే. ఉపాధి కోసం ఎక్కడో పరాయి దేశానికి వచ్చామనుకున్న మా తాతల తరానికి, తమ ఊరూ ఈ ఊరూ ఒకప్పుడు ఒకే రాజ్యమని ఎవరైనా చెప్పారో లేదో! నేను ఆ వసారాలో కూర్చున్నప్పుడల్లా ఈ ఆలోచనే వస్తుంది. అక్కడ దుకాణాలుంటాయని నమ్ముకోకండి, నీళ్ళు, టిఫిను కట్టుకెళ్ళండి.

ఒక పూట మాత్రమే ఖాళీ ఉంటే మేదినీపూర్ వెళ్ళి, కంసావతి నది ఒడ్డున పాథ్రా గుళ్ళు చూడండి. శిథిలమైపోతున్న ఆ గుళ్ళని యాసీన్ పఠాన్ అనే ముస్లిం గ్రామస్థుడు దశాబ్దాలపాటు తిరిగి, పోరాడి కాపాడారు. దానికే ఆయనకి కబీర్ పురస్కారం వచ్చింది. ఊరు దాటే వీలే లేకపోతే ఐఐటీలో పాత హిజ్లీ నిర్బంధ శిబిరం ఉంది. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు ఖైదీలు చనిపోయింది అక్కడే. 1951లో దేశంలో మొదటి ఐఐటీ మొదలైందీ ఆ భవనంలోనే. గేటు దగ్గర గుర్తింపు కార్డు అడగవచ్చు, ఏ వేళకి లోపలికి పంపుతారో ముందు రోజే కనుక్కోండి.

తిండి గురించి దిగులు పడకండి. మన మురీ మిక్చరుకి అన్నలాంటిది ఇక్కడి ముడి, అంటే మరమరాలు. ఘుగ్నీ అనే వేడి బఠాణీ కూరతో కలిపి తింటే మధ్యాహ్నం గడిచిపోతుంది, ధర కూడా తక్కువే. చేపల కూర భోజనం స్టేషన్ బయట చిన్న హోటళ్ళలో దొరుకుతుంది. తమ్లుక్ వైపు ఆడవాళ్ళు నగల ఆకారంలో పెట్టే గొయ్‌నా బొడి అనే వడియాలు కనబడితే ఒక పొట్లం కొనండి. నలగకుండా ఇంటిదాకా తీసుకెళ్ళడమే కష్టం.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఈ ఎర్ర నేల నిప్పులా కాలుతుంది, పిల్లలతో వద్దు.

చివరిగా తిరుగు ప్రయాణం. విష్ణుపూర్‌లో దిగగానే, గుడికి వెళ్ళకముందే, సాయంత్రం ఖరగ్‌పూర్ వైపు ఎన్ని బండ్లున్నాయో స్టేషన్‌లో అడిగి రాసుకోండి. ఆఖరిదానికి కాదు, దాని ముందుదానికి బయల్దేరండి. మేదినీపూర్ దాటాక కంసావతి వంతెన మీద చక్రాల చప్పుడు మారుతుంది. అప్పుడు నిద్రపోతున్న పిల్లల్ని లేపి చెప్పులు తొడగండి. గిరి మైదాన్ స్టేషన్ తర్వాత ఖరగ్‌పూరే.