వార్డులోనే మొదలయ్యే పరిశోధన

ప్రశ్న: నల్గొండలో ఎంబీబీఎస్ చదువుతున్నాను. జీర్ణకోశ, కాలేయ వ్యాధులపై పరిశోధన చేసే డాక్టర్‌ను కావాలని ఉంది. అమెరికా పోక తప్పదంటున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థి, నల్గొండ

సమాధానం: పోతే మంచిదే గాని, పోక తప్పదన్నది నిజం కాదు. డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి కర్నూలులో ఎంబీబీఎస్, మద్రాసులో ఎండీ, చండీగఢ్ పీజీఐలో డీఎం చదివి, హైదరాబాద్ నిమ్స్‌లో పనిచేసి, తర్వాత ఏఐజీ అనే జీర్ణకోశ వ్యాధుల ఆసుపత్రిని నెలకొల్పారు. 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. లోకానికి ఆయన ఎండోస్కోపీ తెలుసు. మీరు మాత్రం ఆయన చేసిన ఇంకో పని చూడాలి. మందు ముట్టని కుర్రవాళ్లకు క్లోమంలో రాళ్లు పడి, విడవని కడుపునొప్పి, ఆ తర్వాత షుగర్ వచ్చే జబ్బు ఒకటుంది. ఒకప్పుడు కర్రపెండలం తిండిని అనుమానించేవారు. ఆయన, సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త చందక్ కలిసి అలాంటి రోగుల జన్యువులను పరీక్షించారు. స్పింక్1 జన్యువులో మార్పుకు ఈ జబ్బుతో గట్టి సంబంధం ఉందని 2002లో ప్రచురించారు. ఈ జబ్బు ఎందుకొస్తుందన్న ప్రశ్న పుట్టింది మన రోగుల మంచం పక్కనే.

అలాగే ఉస్మానియా ఆసుపత్రిలో పేదలకు వైద్యం చేసిన డాక్టర్ సి.ఎం. హబీబుల్లా బృందం, కాలేయం హఠాత్తుగా పాడైనవారికి కాలేయ కణాలు ఎక్కించి చూసి, ఫలితాలను 1994లోనే ప్రచురించింది.

ఎండీ మూడేళ్లు, డీఎం మూడేళ్లు ఎలాగూ ఉన్నాయి. అంతదాకా ఆగకండి. పసిరికలతో (కామెర్లతో) చేరినవాళ్లను ఏ నీళ్లు తాగారో, పసరు మింగారో లేదో, కల్లు అలవాటు ఉందో అడగండి. మీ ప్రొఫెసర్‌తో మాట్లాడి, ఎథిక్స్ కమిటీ అనుమతితో రాసిపెట్టండి.

ప్రశ్న: మా తమ్మునికి పసిరికలైనయి. పసరు పోయిస్తే తగ్గుతదంటున్నరు. పోయించాల్నా?
– ఒక అక్క, జడ్చర్ల

సమాధానం: వద్దమ్మా. నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు పోతుంది. పసరు తాగినవాళ్లు కోలుకున్నారంటే చాలదు, తాగనివాళ్లు ఏమయ్యారో చూడాలి. పై ఉత్తరం రాసిన విద్యార్థికీ ఇదే చెబుతాను. కొన్ని పసర్లు కాలేయాన్నే దెబ్బతీస్తాయి. చప్పిడి పత్యం అక్కర్లేదు, మామూలు అన్నమే పెట్టండి. కల్లు, సారా ముట్టనివ్వకండి. బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్ఆర్‌తో పాటు హెపటైటిస్ బి, సి పరీక్షలూ చేయించండి. మాట తడబడినా, మత్తుగా పడి ఉన్నా, ఎక్కడన్నా రక్తం కారినా తెల్లవారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెకు కాచి చల్లార్చిన నీళ్లే ఇవ్వండి. నెలలు నిండేవేళ హెపటైటిస్ ఇ ప్రాణాల మీదికి తెస్తుంది.