అన్న అమ్మిన పిస్టన్

సమస్య

మాది విజయవాడ. నాన్న 1989లో కొన్న ఆర్‌ఎక్స్ 100 ఇప్పుడు నేను నడుపుతున్నాను. పాత యమహాలున్నవాళ్లం కొంతమందిమి కలిసి చిన్న క్లబ్ పెట్టుకున్నాం. ఆదివారం పొద్దున్నే మంగళగిరి వైపో గన్నవరం వైపో వెళ్లి, టిఫిన్ చేసి, బండ్ల కబుర్లు చెప్పుకుని వస్తాం.

మాకు స్పేర్లు అమ్మేది మాలోనే ఒక పెద్దాయన. అందరం ‘అన్నా’ అనే పిలుస్తాం. మొన్న వేసవిలో ఆయన దగ్గర పిస్టన్ కిట్ తీసుకున్నాను. ‘కంపెనీ ఓల్డ్ స్టాకురా, ఇక దొరకదు’ అని 5,200 చెప్పాడు. ఫోన్‌లోనే డబ్బు పంపాను, బిల్లు అడగలేదు. ఆటోనగర్‌లో బోరింగ్ చేయించి వేయించాను. రన్నింగ్-ఇన్ అవకముందే ఇంజిన్ సీజ్ అయింది. విప్పి చూసి మెకానిక్ ‘ఇది ఒరిజినల్ కాదు సార్’ అన్నాడు.

అన్ననడిగితే ‘నువ్వు బాదేసుంటావు, లేదా వాడు బోరింగ్ టైటుగా చేసుంటాడు’ అన్నాడు. తర్వాత తెలిసింది, ఇంకో ఇద్దరికీ ఇలాగే జరిగిందట. ఒకతనికి క్లచ్ ప్లేట్లు నెల తిరక్కుండానే జారిపోయాయి. మొహమాటానికి ఊరుకున్నారు. కొత్తగా చేరిన కుర్రాడు, ఇంకా చదువుకుంటున్నాడు, అదే కిట్‌కి అడ్వాన్స్ ఇచ్చాడని విని ఉండబట్టలేక అందరి ముందూ చెప్పబోయాను. ‘మన గొడవ బజార్న పెట్టకు’ అని ప్రెసిడెంట్ ఆపేశాడు. ఆ రాత్రే అన్న ఫోన్ చేసి, తన పేరెత్తితే పరువునష్టం దావా వేస్తానన్నాడు. నాన్న పోయాక మూలనపడ్డ ఈ బండిని మళ్లీ రోడ్డెక్కించిందీ ఆయనే. నోరు మూసుకోవాలా? చెప్పాలంటే ఎలా చెప్పాలి?

— పేరు వద్దు, విజయవాడ

సలహా

చెప్పండి. ఆ కుర్రాడు మిగతా డబ్బు కట్టేలోపే చెప్పండి. ‘నాకిలా జరిగింది, తేలేదాకా ఆగు’ అని అతనికి విడిగా చెప్పడానికి ప్రెసిడెంట్ అనుమతి అక్కర్లేదు.

అందరి ముందూ చెప్పడానికి మాత్రం ఒక పని మిగిలింది. టూ స్ట్రోక్ ఇంజిన్ సీజ్ అయిందంటే తప్పు పిస్టన్‌దే అని వెంటనే తేల్చలేం. ఆయిల్ పంపు సరిగ్గా ఇవ్వకపోయినా, కార్బ్యురేటర్‌లో పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైనా, బోరింగ్‌లో వదలాల్సిన సందు వదలకపోయినా పట్టేస్తుంది. ఆ పిస్టన్ని పారేయకండి, ఎమరీ పేపర్‌తో రుద్దనివ్వకండి. దాని మీది గీతలే మీ సాక్ష్యం. సైలెన్సర్ వైపు మాత్రమే కాలి కరిగినట్టుంటే పెట్రోల్-గాలి పాళ్ల మీద అనుమానపడాలి. చుట్టూ నాలుగు చోట్ల నిలువు గీతలుంటే సందు చాల్లేదని అర్థం. అప్పుడు మొదట బోరింగ్ చేసినవాళ్లతో సంబంధం లేని మరో లేత్ షాపులో పిస్టన్‌నూ సిలిండర్‌నూ మైక్రోమీటర్ పెట్టి కొలిపించి కాగితం మీద రాయించుకోండి. పిస్టన్ కొలత కిట్ మీద రాసినట్టే ఉంటే, బోరింగ్ గురించి అన్న చెప్పిందే నిజం కావచ్చు. అదీ ఒప్పుకోవాలి. కొలత తేడా వచ్చినా, అచ్చు అసలు పిస్టన్‌తో పోలకపోయినా ఇక మీరు తగ్గక్కర్లేదు.

‘ఓల్డ్ స్టాక్’ సంగతి కూడా చూద్దాం. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో తయారైంది 1985 నుంచి 1996 దాకా. అప్పటి సామాను ఎక్కడో ఏ పాత షాపు అటక మీదో ఇప్పటికీ దొరుకుతుంది, కాదనను. కానీ అడిగినవాళ్లందరికీ అడిగిన సైజులో దొరకదు. పైగా ఆయిల్ సీలు లాంటి రబ్బరు సామాను నిజంగా అప్పటిదే అయితే ఈపాటికి గట్టిపడిపోయి ఉంటుంది, అలాంటిది కొనకపోవడమే మంచిది. ఇప్పుడు వేరే కంపెనీలు తమ పేరుతో చేసే పిస్టన్లు వాడడంలో తప్పేమీ లేదు, చాలా బండ్లు వాటి మీదే నడుస్తున్నాయి. ఆ మాట చెప్పి ఆ ధరకు అమ్మితే అది వ్యాపారం. ఒకరి సరుకు మీద ఇంకొకరి పేరు వేసి, ఆ పేరుకున్న ధర గుంజితే మోసం. నకిలీ ట్రేడ్‌మార్కు ఉన్న సరుకు అమ్మడం చట్టం ప్రకారం నేరం.

ఆయన మీకు చేసిన సాయం అబద్ధం కాదు. ఆ రుణం మీకుంది, ఆ కుర్రాడికి లేదు. అందుకే ముందు అన్నకే రాయండి, ఫోన్లో వద్దు. ఏ తేదీన ఎంత పంపారు, ఏమని చెప్పి ఇచ్చారు, కొలత ఎంత వచ్చింది, మీకేం కావాలి. అంతే రాయండి. ఆ కిట్ ఎక్కడ కొన్నారో అడగండి. ఆయన్నే ఎవరైనా మోసం చేసి ఉండొచ్చు. జవాబుకు పది రోజులివ్వండి.

దావా మాటకు బెదరకండి. పరువునష్టాన్ని నేరంగా చూసే భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోనే మినహాయింపులున్నాయి. వినేవాళ్ల మేలు కోరి సదుద్దేశంతో చేసే హెచ్చరిక అందులో ఒకటి. అయితే ఆ రక్షణ జాగ్రత్తగా మాట్లాడినవాళ్లకే. ‘వాడు దొంగ’ అన్నారంటే మీరే ఇరుక్కుంటారు. ‘నేను కొన్న కిట్ ఇది, కొలత ఇది, ఆయన జవాబు ఇది’ అంటే అందులో ఆయన కాదనగలిగేది ఏముంది? నిజంగానే నోటీసు వస్తే మాత్రం మీ అంతట మీరు జవాబివ్వకండి, వకీలుకు చూపించండి.

డబ్బు తిరిగి ఇవ్వకపోతే 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడా తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక మీరుండే ఊళ్లోనే కేసు వేయొచ్చు, రెండేళ్లలోపు వేయాలి. కొన్న విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. బిల్లు లేకపోయినా ఫోన్‌లో పంపిన లెక్క పనికొస్తుంది.

మీ ప్రెసిడెంట్‌తో నాకు పేచీ ఉంది. ‘మన గొడవ’ అని ఆయన కప్పిపెడుతున్నది 5,200 రూపాయలనుకుంటున్నారు. పిస్టన్ పట్టేసి గీసేసిన సిలిండర్‌కి మళ్లీ బోరింగ్ చేయించాలి. ఒక సిలిండర్ ఇన్నిసార్లే బోరింగ్ తట్టుకుంటుంది. మీ నాన్నగారి బండితో వచ్చిన ఆ సిలిండర్లో ఒక విడత ఆయుష్షు పోయింది, అది ఏ డబ్బూ తిరిగి తేలేదు. ఇంకో ఇద్దరూ మొహమాటం వదిలి ముందే నోరు విప్పి ఉంటే మీ సిలిండర్ దక్కేదేమో. ఈ మాట ప్రెసిడెంట్‌కు ఇలాగే చెప్పండి. ఆ ఇద్దర్నీ వెంటబెట్టుకుని, పాడైన సామాను టేబుల్ మీద పెట్టి, అన్నను కూడా కూర్చోబెట్టి మాట్లాడండి. ఆయన డబ్బు తిరిగిస్తే ఆ సంగతి కూడా అంతే గట్టిగా అందరికీ చెప్పండి.

కొత్త పిస్టన్ ఎవరి దగ్గర కొన్నా ముందు దాన్ని చేతికి తీసుకుని, దాని కొలతను బట్టే బోరింగ్ చేయించండి. ఆయిల్ పంపులో గాలి చేరిందేమో చూపించాకే కిక్ కొట్టండి. ఈసారి బిల్లు మీద ‘ఒరిజినల్’ అని అమ్మినవాళ్ల చేతే రాయించుకోండి.