వెన్నెముకను సరిదిద్దు మర

విద్యార్థులారా! సరళయంత్రముల పాఠమున మరను గూర్చి మీరు చదివియున్నారు. మరను ఒక చుట్టు త్రిప్పినచో అది ముందునకు సాగునది రెండు మరచుట్ల నడిమి దూరము మాత్రమే. త్రిప్పు శ్రమ స్వల్పము. కలుగు బలము మిక్కుటము. ఈ సూత్రము శస్త్రవైద్యుని చేత నెట్లు మేలు చేయుచున్నదో చూతము.

కొందఱు బాలబాలికలకు ఎదుగు ప్రాయమున వెన్నెముక ప్రక్కకు వంగి, మెలితిరుగును. వంపు మిక్కిలి ముదిరినచో ఊపిరితిత్తులకు చోటు చాలదు. అమెరికాలోని హ్యూస్టన్ నగరమున పాల్ హారింగ్టన్ అను వైద్యుడు, పోలియోవలన వెన్ను వంగిన బిడ్డలకు కొక్కెములుగల లోహపుకడ్డీ నమర్చి, ఆ పద్ధతిని 1962లో ప్రకటించెను. 1980 తరువాత ఫ్రాన్సు దేశీయులగు కొట్రెల్, డ్యుబుసే అనువారు కడ్డీని త్రిప్పి మెలికను గూడ సవరించు మార్గము చూపిరి.

నేడు పూసలలోనికి వెనుకనుండి మరమేకులను దింపుదురు. మేకుతల గాడివలె చీలియుండును. పెద్దవారికి తఱచుగా 5.5 లేక 6 మిల్లీమీటర్ల మందముగల కడ్డీని తగినట్లు వంచి, పట్టుకారుతో ఆ గాడులపై నుంచుదురు. కాని వంకర వెన్నులో గాడులన్నియు ఒక వరుస నుండవు. కొన్నిచోట్ల కడ్డీ పైన తేలుచుండును. అచ్చట గొట్టమువంటి పనిముట్టొకటి మేకుతలను గట్టిగా పట్టుకొనును. దాని పిడిని త్రిప్పగా లోపలి మర కడ్డీని క్రిందికి నొక్కును. పూసయు కడ్డీవైపునకు లేచివచ్చును. కడ్డీ గాడిలో కూర్చున్న పిమ్మట బిగింపుమరతో దానిని కదలకుండ చేయుదురు.

ఇచ్చట తొందర తగదు. ఒక్కచోటనే బలముగా త్రిప్పినచో మేకు ఎముకనుండి ఊడివచ్చును. కావున అట్టి పనిముట్లను పలుచోట్ల తగిలించి, ఒక్కొక్కదానిని వంతులవారీగా కొంచెము కొంచెము త్రిప్పుదురు. ప్రక్కనే వెన్నుపాము చెడకుండ, నరముల విద్యుత్సంకేతములను యంత్రముతో కనిపెట్టుచుందురు. ఎంత దృఢమైన కడ్డీయైనను చిరకాలము ఒంటరిగా భారము మోయజాలదు. అందుచేత ఎముక తునకలు పేర్చి పూసలు అతుకుకొనునట్లు చేయుదురు; అతుకు కుదురనిచో కడ్డీ అలసి విరుగవచ్చును.

మర గొప్పతనము బలమునందే గాక, బలమును కొలిచి యిచ్చుటయందున్నది. మీ సహపాఠి భుజమొకటి ఎత్తుగా, వీపొక ప్రక్క ఉబ్బుగా కనబడినచో పరిహసింపకుడు. పెద్దలకు మెల్లగా తెలుపుడు. ఎదుగు వయస్సున ముందుగా కనుగొన్న వంపులలో కొన్నింటిని నడుముపట్టీతోనే ముదురకుండ ఆపవచ్చును. అట్లయినచో ఈ కడ్డీలతోను, మరలతోను పనియే యుండదు.