దురద పోయిన వ్యాధి పోయినట్లేనా?

మానవదేహమునకు చర్మము కోటగోడ వంటిది. ధూళినుండియు, సూక్ష్మజీవులనుండియు అది మనలను సదా కాపాడుచుండును. అట్టి చర్మమునకు పూయు మందు విషయమున మిక్కిలి జాగరూకత అవసరము.

ఒక గ్రామమున ఒక బాలుని నడుముపై రూపాయిబిళ్ళయంత ఎఱ్ఱని వలయ మేర్పడెను. అది తామర. దురదచే బాలునికి రాత్రులు నిద్ర లేకుండెను. పొరుగింటివారిచ్చిన లేపనమును తల్లి పూయగా రెండు దినములలో దురద శమించెను. మందు మానిన వారమునకే వలయము మరల కనబడెను. మరల పూసెను, మరల తగ్గెను. ఇట్లు మూడు మాసములు గడచునప్పటికి తామర నడుము చుట్టును వ్యాపించి, చెల్లెలికిని సోకెను.

దీనికి కారణమేమి? తామర శిలీంధ్రమువలన కలుగు వ్యాధి. ఆ లేపనమున నున్నది స్టెరాయిడ్ అను మందు. అది చర్మముయొక్క ఎదిరింపును అణచును గనుక ఎఱుపును దురదయు తగ్గును. శిలీంధ్రము మాత్రము చావక, అడ్డులేనిదై పెరుగును. కావలివాని నోరు నొక్కినంతమాత్రమున దొంగ పోవునా?

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. 1952లో హైడ్రోకార్టిసోన్ లేపనముయొక్క గుణము వెల్లడియైన నాటినుండి ఎగ్జిమా వంటి వ్యాధులు గలవారెందరికో అది ఉపశమనము నొసంగినది. కాని మేనిచాయ తెలుపగునను భ్రాంతితో దానిని మాసములతరబడి ముఖమునకు పూసికొన్నచో చర్మము పలుచబడును, మొటిమలు లేచును, సన్నని రక్తనాళములు పైకి కనబడును. అందువలననే 2018లో భారత ప్రభుత్వము ఇట్టి లేపనములలో పెక్కింటిని వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని నియమించెను.

వైద్యుడు వ్రాసిన లేపనమునైనను మితముగా వాడవలెను. పెద్దవారి చూపుడువ్రేలి కొననుండి మొదటి గీతవరకు గొట్టమునుండి పిండిన మందు సుమారు అరగ్రాము. వ్రేళ్ళతో కూడిన రెండు అరచేతులంత చోటునకు అది చాలును. ఒకరికి వ్రాసిన మందును వేరొకరు వాడరాదు.

తుదకు తల్లి పిల్లలిద్దరిని ప్రభుత్వ వైద్యశాలకు తీసికొనిపోయెను. వైద్యుడు శిలీంధ్రమును చంపు మందు నిచ్చి, దురద పోయినను చెప్పిన గడువువరకు మానవలదనెను. ఎవరి తువాలు వారే వాడి, బట్టలను ఉతికి ఎండలో ఆరవేయవలెననెను. తల్లి అటులనే చేసెను. కొన్ని వారములకు పిల్లలిద్దరును స్వస్థులైరి. గూటిలో మిగిలియున్న పాత గొట్టమును ఆమె తన చేతులతోనే పారవేసెను.